కాళ్ళ దగ్గర చీమ

ఫిబ్రవరి 6

ఒరేయ్ మసిగుడ్డా,

ఆ పేరుతో పిలిచానని మీ ఆవిడ ముందు ముఖం మాడ్చుకోకు. ఏడేళ్ళప్పుడు చేతికున్న నలుపంతా అమ్మ ఉతికి ఆరేసిన దుప్పటికి పూసి తన్నులు తిన్నావు. ఇప్పుడు అచ్చాఫీసులో అదే పనికి జీతం తీసుకుంటున్నావు. ఆ పేరు నీకు కాకపోతే ఇంకెవరికి పెట్టాలి?

ఈ కట్టలో మొదటి పలక ఉంది. కుందేలు. ప్రచురణ సంస్థ ఆవిడ అడిగిన పన్నెండు జంతువుల్లో ఒకటి అయింది, పదకొండు మిగిలాయి. అమ్మ గోడ మీద సున్నంతో గీసే బొమ్మల్లాగే కడుపులో పిల్లలు కనిపించేలా కోశాను. నాలుగు పిల్లలు, నాలుగింటికీ మీసాలు. నేలకి పరిచే లైనో ముక్క కదా, చలికి రాయిలా బిగుసుకుపోతోంది. ఎండలో పెట్టి, మెత్తబడ్డాక ఒళ్ళో పెట్టుకుని కోయాల్సి వస్తోంది. ఎండ తొందరగా పోతుంది కాబట్టి పూటకి అరచేతి మేర కంటే సాగదు. కుందేలు ఎడమవైపు చూస్తోందని కంగారుపడకు, అద్దితే కుడికి తిరుగుతుంది. ఇది నీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే అనుకో.

మీ బావ క్షేమం. అడవి గేటు దగ్గర కూర్చుని రోజుకి మూడు లారీలకి కర్ర ఎత్తుతారు. మిగతా సమయమంతా నా పనికి వంకలు పెడతారు. కుందేలు చెవులు గాడిద చెవుల్లా ఉన్నాయన్నారు. కుందేలుని మీరెప్పుడైనా దగ్గర్నుంచి చూశారా అని అడిగాను. "కుందేలు సంగతి తెలీదు గానీ, గాడిదతో ఇరవై రెండేళ్ళ కాపురం" అన్నారు. ఆ పూట ఆయనకి చల్లారిన అన్నమే పెట్టాను.

చీమ కాళ్ళ దగ్గరే ఉంది, వెతుక్కో. అమ్మ మాట గుర్తుందిగా. పక్కన చీమ లేకపోతే జంతువు ఎంత పెద్దదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? నేను కోసిన ఏ పలకా చీమ లేకుండా నీ దగ్గరికి రాలేదు, రాదు.

మన కట్టడి మామూలే. ఉలి నాది, రోలరు నీది. నేను నీ ఇంకు ముట్టను, నువ్వు నా గీత ముట్టకు. పాతిక ప్రతులు తీశాక పలక మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టెయ్, మళ్ళీ ఎవరూ అద్దకుండా. పాతికలో ఒకటి నాకు పంపు. ఇక్కడ ఫోను మోగాలంటే కొండెక్కాలి, ఉత్తరమే నయం. మంగళవారం వ్యాను వస్తుంది.

పొద్దున లేవగానే కుడి చిటికెన వేలు కాస్త మొద్దుబారుతోంది, చీమలు పాకినట్టు. చలికేలే.

అక్క


ఫిబ్రవరి 20

అక్కకు, మసిగుడ్డ నమస్కారం.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ మరదలు చదివింది. అప్పట్నుంచి ఇంట్లో నాకు వేరే పేరు లేదు. నీకు పుణ్యం ఉంటుంది.

కుందేలు అద్దాను. మా ఆఫీసులో భోజనాల వేళ మిషన్లన్నీ ఆపుతారు. వెనక గదిలో కాగితం రిమ్ముల మధ్య నాకో బల్ల ఉంది, పక్కన కిటికీ ఉంది, ఆ గంట ఎవరూ రారు. రాతి పలక మీద ఇంకు పరిచి రోలరు తిప్పితే సరిగ్గా కుదిరినప్పుడు చిటపటమని ఒక చప్పుడు వస్తుంది చూడు, ఆ చప్పుడు విన్నాకే నీ పలక మీద పెట్టాను. మిషను కింద పెట్టలేదు, చెంచా వెనకవైపుతో రుద్దాను. కాగితం ఎత్తేసరికి నాలుగు పిల్లల మీసాలూ వచ్చాయి. అచ్చు చాలా బాగుందక్కా.

ప్రచురణ ఆవిడ వచ్చి కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూసింది. "ఈ చీమ ఎవరు?" అని అడిగింది. మా అమ్మ అన్నాను. ఆవిడకేం అర్థమైందో గానీ తలూపింది. పాతిక తీసి పలక మీద గీత కొట్టేశాను. ఎన్నిసార్లు చేసినా ఆ పని చేసేటప్పుడు పలకకేసి చూడకుండా చేతిని లాగేస్తాను.

ఒక్క మాట చెబుతాను, తిట్టకు. అమ్మ పోయాక మూడేళ్ళు నువ్వు ఉలి ముట్టలేదు. "మీ అక్క గోడకేసి చూస్తూ కూర్చుంటోంది, తిండి కూడా అడిగితేనే తింటోంది, ఏదైనా పని పంపు" అని బావ రాసిన కార్డు ఇంకా నా దగ్గరుంది. అందుకే ఈ పన్నెండు బొమ్మలూ పూర్తయి, ఆవిడ అమ్మబోయే బొమ్మల పెట్టెలో పడేదాకా నాకు ఇంకో కోరిక లేదు. వేలికి వేడినీళ్ళ కాపడం పెట్టు.

తమ్ముడు


ఏప్రిల్ 10

ఒరేయ్,

గుడ్లగూబ, కొంగ చేరాయి కదా. వాటి అచ్చులు గోడకి అంటించాను. కొంగని చూసి మీ బావ ఏ వంకా పెట్టలేదు, ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకుని చూశాను.

ఇప్పుడు నక్కని పంపుతున్నాను. దీంతో నాకు మనసు కుదరడం లేదు. నిజం చెప్పాలంటే భయంగా ఉంది. ఈ పలక కోస్తుంటే ఉలి రెండు మూడుసార్లు నా మాట వినలేదు. చెయ్యి వణకలేదు, వణికితే తెలుస్తుంది. పట్టుకున్నాననే అనుకున్నాను, చూస్తే ఉలి పక్కకి పోయి ఉంది. మూతి దగ్గర ఒకటి, తోకలో ఒకటో రెండో. పలక మీద చూస్తే నాకేమీ తెలియడం లేదు, అంతా ఒకటే ముదురు రంగు కదా. అద్దితే గానీ బయటపడదు. మొన్న పాలగిన్నె కూడా అలాగే చేతిలోంచి జారింది. జారిందని కింద పడ్డ చప్పుడు విన్నాకే తెలిసింది. "పరధ్యానం" అన్నారు మీ బావ. అదే అయి ఉంటుంది.

అచ్చు ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాయి. పాడైందంటే సిగ్గుపడను, ఇంకో నక్కని కోస్తాను, అడవిలో నక్కలకి కరువా? అసలు పాడైందో లేదో నాకు తెలియాలి, అంతే. అది తెలిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాలో, పరధ్యానం మానుకోవాలో తేల్చుకుంటాను.

మరదలికి చెప్పు, చింత గింజంత మాట కూడా దాచొద్దని నీకు గట్టిగా చెప్పమన్నానని.

అక్క


ఏప్రిల్ 24

అక్కకు నమస్కారాలు.

నక్క అచ్చు పంపుతున్నాను, నువ్వే చూసుకో. ఏ గీతా తప్పలేదు. మూతి బాగుంది, తోక ఇంకా బాగుంది. ప్రచురణ ఆవిడకి అన్నిటికంటే ఇదే నచ్చింది. అనవసరంగా గాభరాపడ్డావు.

ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే మంచిదేమో. నలభై ఎనిమిది దాటాయి, దగ్గరి చూపు తగ్గుతుంది, అందరికీ ఉన్నదే. నేను పెట్టుకోవడం లేదా?

పలక మీద గీత కొట్టేశాను. బావకి నమస్కారాలు.

తమ్ముడు


మే 9

మసిగుడ్డా,

నాకు కళ్ళజోడా? పొద్దున్నే గేటు అవతల చెట్టుమీద వాలింది ఆడ గద్దా మగ గద్దా అని ఇంట్లో కూర్చుని చెబుతాను నేను. నీ కళ్ళు పోయాయని ఊళ్ళో అందరికీ అద్దాలు తగిలిస్తావా?

నక్క అచ్చు చూశాక గుండె కుదుటపడింది. ఎన్నిసార్లు చూశానో. ఉలి జారిందనుకున్న చోటల్లా గీత తాడు పట్టి లాగినట్టు ఉంది. అంటే జారడమూ గీరడమూ అంతా నా బుర్రలోనే అన్నమాట. అయినా మీ బావ పోరు పడలేక మంగళవారం వ్యానెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. ఆయన చూశాడు, చేతికి ఏ జబ్బూ లేదన్నాడు, బలానికి మాత్రలు రాశాడు. గులాబీ రంగువి, వేసుకుంటే ఆకలి తప్ప ఏమీ రావడం లేదు. ఈ రేటున పన్నెండో జంతువు నేనే అవుతాను.

ముళ్ళపందిని పంపుతున్నాను. ముళ్ళన్నీ కోయడానికి పదిహేడు రోజులు పట్టింది. మధ్యలో ఉలి ఎడమ బొటనవేల్లో దిగింది, కంగారుపడకు, మానిపోయింది. చిత్రమేమిటంటే ఉలి పట్టుకున్న చెయ్యి నాది కానట్టే ఉంది, గుచ్చుకున్న చెయ్యి మాత్రం బాగానే ఏడ్చింది.

అక్క


జూన్ 2

అక్కకు,

డాక్టరు ఏమీ లేదన్నాడని చదివి మీ మరదలూ నేనూ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాం. ఇన్నాళ్ళూ నాకు లోపల ఏదో ముల్లులా ఉండేది. అది పోయింది.

ముళ్ళపంది బాగుంది. తాబేలు కూడా అందింది, అదీ బాగుంది. ఒక్క మనవి. కాస్త విరామం తీసుకో. వానలు తగ్గేదాకా రెండు నెలలు ఉలి పక్కన పెట్టు. పెట్టె ఎప్పుడొచ్చినా ఫరవాలేదని ప్రచురణ ఆవిడే చెప్పింది. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. కళ్ళజోడు మాట ఇక ఎత్తను గానీ, నువ్వే ఆలోచించుకో.

తమ్ముడు


జూన్ 20

ఏమయ్యా అచ్చాఫీసు దొరా,

విరామం ఎవరికి కావాలి, నాకా, నీకా? రెండు ఉత్తరాల నుంచి చూస్తున్నాను. ముందు కళ్ళు పోయాయన్నావు, ఇప్పుడు కూర్చోమంటున్నావు. అచ్చులేమో బాగున్నాయంటావు. బాగున్న పనిని ఆపమనేవాడు ఎవడైనా ఉంటాడా? ఆవిడకి ఇంకెవరైనా కుర్రవాళ్ళు చవగ్గా దొరికారా? దొరికితే ఆ ముక్క నా ముఖం మీద చెప్పు. ముసుగులో గుద్దులాట మనింట్లో ఎప్పుడూ లేదు.

ఈసారి నీటికుక్క. వాగు ఒడ్డున కూర్చుని మూడు రోజులు చూసి కోశాను. వచ్చేటప్పుడు ఒక కాలి చెప్పు దారిలో ఊడిపోయింది, ఇంటికొచ్చి మీ బావ చూపిస్తే గానీ తెలియలేదు. ఆయన నవ్వి వెనక్కి వెళ్ళి వెతికి తెచ్చారు. జాకెట్టు హుక్కులు కూడా ఈ మధ్య ఆయనే పెడుతున్నారు. కొత్త పెళ్ళికూతురికి కూడా జరగని సేవ. హుక్కుకీ హుక్కుకీ మధ్య ఒక నిట్టూర్పు వింటున్నాననుకో.

నువ్వు నిజం చెప్పేవాడివని నమ్మే ఈ పని చేస్తున్నాను. నా ఒళ్ళు చెప్పేది ఒకటి, నీ అచ్చు చెప్పేది ఒకటి. నేను నీ అచ్చునే నమ్ముతున్నాను.

అక్క


ఆగస్టు 14

తమ్ముడికి,

దుప్పి అచ్చు అందింది. కాళ్ళ దగ్గర చీమ ఉంది.

నేను ఆ పలకలో చీమని కోయలేదు. మర్చిపోలేదు. రెండు రోజులు ప్రయత్నించాను. సన్న ఉలి వేళ్ళ మధ్య నిలవలేదు. అంత చిన్న ప్రాణిని పాడు చేయడం ఇష్టంలేక ఆ చోటు ఖాళీగా వదిలేసి పంపాను. చీమ లేదేమని నువ్వు అడుగుతావని చూశాను. నువ్వు అడగలేదు. ఆరు కాళ్ళతో, రెండు మీసాలతో చీమ వచ్చింది.

గోడకున్న అచ్చులన్నీ ఊడదీసి బల్ల మీద పరిచాను. కుందేలు నాది. గుడ్లగూబ, కొంగ నావి. నక్క ఎవరిది? ముళ్ళపంది ఎవరిది?

ఇంకో సంగతి కూడా రాస్తాను, తెలుసుకో. మేలో డాక్టరు నా చెయ్యి పట్టుకుని చూడనేలేదు. నక్క అచ్చు నేనే సంచిలో పెట్టుకెళ్ళి చూపించాను, ఉలి జారుతోందండీ, కానీ పని మాత్రం ఇలా ఉందండీ అని. ఆయన కిటికీ దగ్గర పెట్టి చూశాడు. "ఇంత సన్నగీత కోసే చేతికి జబ్బేమిటమ్మా, నా సంతకం కూడా ఇంత నిటారుగా రాదు" అన్నాడు. నవ్వాడు, మేమూ నవ్వాం. మాత్రలు రాశాడు.

ఇప్పుడు కుడి చేత్తో అన్నం ముద్ద ఎత్తలేకపోతున్నాను. ఈ ఉత్తరం నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను. కాళ్ళు కూడా ఎక్కడ వేస్తున్నానో చూసుకుని వేయాల్సి వస్తోంది.

నా పలకలు ఏం చేశావు?

అక్క


ఆగస్టు 22

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. దాచేదేమీ లేదు. నిండా మునిగినవాడికి చలేమిటి?

నక్క పలక అద్దినప్పుడు మూతి మీద పడిన గీత చెవి దాకా పోయి ఉంది. తోకలో ఆరు చోట్ల తెగింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. పాడైతే చెప్పు అని రాశావు. చెప్పడానికే కూర్చున్నాను. ఒక కాగితం రాసి చింపేశాను. నాకు బావ కార్డే కళ్ళ ముందు కనబడింది. మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటావని, ఈసారి లేవవని భయపడ్డాను. ఈ ఒక్కదానికి సరిచేస్తే తర్వాతిది నువ్వే బాగా కోస్తావనుకున్నాను. నీ పలక మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, తప్పిన గీతలు దిద్ది, కొత్త ముక్క మీద కోశాను. భోజనాల గంటలోనే, తొమ్మిది రోజులు. మనకున్న కట్టడి తప్పుతున్నానని తెలిసే చేశాను.

సిగ్గు విడిచి ఇంకోటి కూడా చెబుతాను. నా చెయ్యి నీ చేతిలా నడుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ నక్కని మెచ్చుకున్నప్పుడు లోపల నాకు గర్వం వేసింది.

డాక్టరు చూసి ఏమీ లేదన్నాడని నువ్వు రాశాక నాకు ధైర్యం వచ్చింది. ఇక చేతిది కాదు, కళ్ళదే అనుకున్నాను. ఆయన చూసింది నా పనిని అని నేను అనుకోలేదు. నువ్వు నా అచ్చుని నమ్మావు, నేను ఆయన మాటని నమ్మాను, ఆయన నా అచ్చుని నమ్మాడు. ముగ్గురం కలిసి ఒక్కసారి కూడా నీ చెయ్యి పట్టుకుని చూడలేదు. తప్పు పంచడానికి ఇది రాయడం లేదు. మొదలుపెట్టింది నేనే.

దుప్పి పలకలో చీమ కనబడకపోతే మర్చిపోయావనుకున్నాను. పెట్టేశాను.

నీ పలకలు పారేయలేదు. గీత కొట్టింది నేను కోసినవాటి మీదే. నావి కొట్టాను, నీవి కొట్టడానికి చెయ్యి రాలేదు. ఐదూ గుడ్డలో చుట్టి నా బల్ల కింద ఉన్నాయి. నిన్న ఐదింటినీ ఉన్నవున్నట్టు అద్దాను. వరసగా నేల మీద పెడితే నక్క నుంచి దుప్పి దాకా చెయ్యి ఎలా పోతూ వచ్చిందో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. చూసి మీ మరదలు ఏడ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను, తెలుసు. అయినా ఇక్కడి పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుతో మాట్లాడాను. మంగళవారం వ్యానులో నేనే వస్తున్నాను, అదే వ్యానులో నిన్నూ బావనీ తీసుకొస్తాను. బట్టలు సర్ది ఉంచండి. నన్ను తిట్టాలనుకుంటే దారంతా తిట్టు, రావడం మాత్రం రా.

తమ్ముడు


డిసెంబరు 3

తమ్ముడికి,

రాత మీ బావది, మాట నాది. మధ్యలో తన సొంత మాటలు కలపనని ఆయన నాకు మాటిచ్చారు.

ఇంటికొచ్చి మూడు వారాలైంది. నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని వంటింటి దాకా వెళ్ళగలను, వెనక్కి రావాలంటే కుర్చీలో కాసేపు ఆగాలి. మెడలో గడ్డ తీసేశారు, మళ్ళీ రాదన్నారు, అదంతా నువ్వు దగ్గరుండి విన్నదే. నువ్వు టీ తేవడానికి కిందకి వెళ్ళినప్పుడు జరిగింది మాత్రం నీకు తెలియదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

డాక్టరమ్మ నా లోపలి ఫోటోలు తెచ్చి చూపించింది. వెన్నెముక, దాని పక్కన తెల్లగా గడ్డ. అమ్మ గీసిన జంతువుల్లాగే ఉన్నాను, కడుపులో పిల్లకి బదులు మెడలో గడ్డ. ఆవిడ నీ అచ్చుల కట్ట విప్పింది. నువ్వు ఉన్నవున్నట్టు అద్దినవి, ఆ ఐదూ. మంచం మీద నా కాళ్ళ దగ్గర్నుంచి వరసగా పరిచింది. ఒక్కోదాని మీదా వేలు పెడుతూ నెల అడిగింది. దుప్పి జూలై అన్నాను. నీటికుక్క జూన్. వెనక్కి వెళ్తూ వెళ్తూ నక్క దగ్గర ఆవిడ వేలు ఆగింది. "ఇది ఏప్రిల్‌లోనా?" అంది. అవునన్నాను. "ఇది చూసి ఏప్రిల్‌లో వచ్చి ఉంటే..." అని ఆపేసి కాగితాలు మళ్ళీ కట్ట కట్టింది. వచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. చెయ్యి దక్కేదంది. ఇప్పుడు దక్కదు. ఎన్నాళ్ళు వ్యాయామం చేసినా తిండి కలుపుకోవడానికి వస్తే అదే ఎక్కువట.

నేను నిన్ను అడిగానురా. ఏప్రిల్‌లోనే అడిగాను. కాగితం మీద రాసి అడిగాను. ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. నా ఒళ్ళు నాకు నిజమే చెప్పింది, నేను దాన్ని పిచ్చిదాన్ని చేసి నిన్ను నమ్మాను. నువ్వు నా మేలు కోరావని తెలుసు. రెండున్నర నెలలు ఆసుపత్రిలో నా మూత్రం గిన్నెలు ఎత్తావు, మీ ఆవిడ నాకు తల దువ్వింది. అదంతా తెలిసే నాకు కోపం వస్తోంది. నువ్వు దుర్మార్గుడివైతే ఒక్కసారి తిట్టి వదిలేసేదాన్ని.

క్షమించానని రాయమంటున్నారు మీ బావ. రాయను. ఇంకా ఆ మాట రాలేదు, వచ్చినప్పుడు రాస్తాను.

(నేను అనలేదు బావమరదీ, కళ్ళతో చూశానంతే. అది కూడా రాయమంది. – బావ)

పెట్టె ఆపేయమని ప్రచురణ ఆవిడకి చెప్పి మంచిపని చేశావు. నా పేరుతో నీ గీతలు ఎవరింటి గోడకీ వెళ్ళకూడదు.

ఈ కట్టలో ఒక పలక ఉంది. ఎడమ చేత్తో కోశాను. మీ బావ లైనో ముక్కని రెండు చేతులతో బల్లకి నొక్కిపట్టుకున్నారు, నేను కోశాను. పదకొండు రోజులు పట్టింది. ఉలి నా వేలిలోనూ ఆయన వేలిలోనూ దిగింది, ఇప్పుడు ఇద్దరికీ కట్లు ఉన్నాయి. పలకలో జంతువేమీ లేదు. చీమ ఒక్కటే, పలకంత పెద్దది. చిన్నది కోయడం ఇక నావల్ల కాదు.

అద్ది పంపు. ఒక్క గీత ముట్టినా నాకు తెలుస్తుంది, ఈసారి తెలిస్తే ఇక ఉత్తరం ఉండదు. ఎలా వచ్చిందో రాయి.

అక్క


డిసెంబరు 19

అక్కకు,

అద్దాను. భోజనాల వేళ, నా బల్ల మీదే. ఇంకు చప్పుడు కుదిరేదాకా రోలరు తిప్పాను, చెంచాతో రుద్దాను. నా వైపు నుంచి ఏ లోపమూ రాకూడదని మూడు ప్రతులు తీశాను, మూడూ ఒకేలా వచ్చాయి. ఒకటి ఇందులో పెడుతున్నాను. పలక గుడ్డలో చుట్టి నీకే తిరిగి పంపుతున్నాను, దాని మీద గీత కొట్టలేదు.

కాగితం ఎత్తి చాలాసేపు చూశాను. ఆరు కాళ్ళలో రెండు మధ్యలోనే తెగిపోయాయి. ఎడమవైపు మూడో కాలు అసలు ఒంటికి తగల్లేదు. నడుము దగ్గర ఉలి మరీ లోతుకి దిగి లైనోకి అడుగున అంటించిన గోనెబట్ట బయటపడింది, అక్కడ ఇంకు అంటక తెల్లటి చిల్లు పడింది. తల ఒకవైపు చదునుగా ఉంది. చుట్టూ ఖాళీగా ఉండాల్సిన చోటంతా ఉలి జారి తీయకుండా వదిలేసిన గట్లు నల్లగా అచ్చయ్యాయి. నువ్వు చెప్పావు కాబట్టి నాకు చీమ అని తెలిసింది. ముందు చెప్పకపోతే తెలిసేది కాదు.

రాత్రి ఇంట్లో ఉత్తరం రాస్తుంటే మీ మరదలు నా వెనక నిలబడి అచ్చు చూసింది. "పాపం, పదకొండు రోజులు కోసింది. బాగుందని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోతుంది?" అంది. కలం మూతపెట్టి కాసేపు బయటికి వెళ్ళొచ్చాను. వచ్చి ఇది రాస్తున్నాను.

అక్కా, ఈ అచ్చు బాగాలేదు.

తమ్ముడు